ఆ జానెడు తేడా: తన్నుకు కావాల్సిన నడుము బలం

కరాటే నేర్పే అందరికీ నమస్కారం. కూర్చుని వినే ముందు ఒక్కసారి లేవండి. గోడ పక్కన నిలబడి ఒక చెయ్యి గోడకు ఆనించండి. రెండో చేత్తో మోకాలు పట్టుకుని ఛాతీ వైపు ఎంత వస్తే అంత ఎత్తి, చెయ్యి వదిలేయండి. మోకాలు జానెడు కిందికి జారిందా? నేను మాట్లాడబోయేది ఆ జానెడు గురించే. కాలు అంత ఎత్తుకు వెళ్తోంది, అక్కడ నిలబెట్టే బలమే లేదు. అలాంటి పిల్లాణ్ని ‘బిగుసుకుపోయావురా’ అని రోజూ కాళ్లు రెండు వైపులా చాపే స్ప్లిట్స్‌లో కూర్చోబెడితే మవాషి గెరి, అంటే కాలు పక్క నుంచి తిప్పి కొట్టే తన్ను, ఎత్తు పెద్దగా పెరగదు.

కాలు ఎత్తే ముఖ్యమైన కండరం నడుము దగ్గర వెన్నుపూసల నుంచి బయల్దేరి తొడ ఎముకకు అతుక్కుంటుంది. పొట్ట బిగువుగా లేకపోతే అది కాలితో పాటు నడుమునూ ముందుకు లాగేస్తుంది. తన్నులు సాధన చేసిన మర్నాడు నడుం పట్టేస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

అందుకే మొదటి వ్యాయామం డెడ్ బగ్. వెల్లకిలా పడుకుని చేతులు నిటారుగా పైకి చాపండి, మోకాళ్లు తుంటికి సరిగ్గా పైన ఉండేలా మడవండి. నడుం కింద చేతిరుమాలు పెట్టి, దాని కొస పక్కవాళ్ల చేతికివ్వండి. ఊపిరి వదులుతూ కుడి చెయ్యి, ఎడమ కాలు నెమ్మదిగా దించండి. రుమాలు లాగితే ఊడి వచ్చిందా, నడుం లేచిపోయినట్టే. అప్పుడు కాలు పూర్తిగా చాపకుండా మడమ మాత్రం నేలకు తాకించి వెనక్కి తీసుకోండి. పక్కకు 8 చొప్పున 3 సార్లు. పక్క ప్లాంక్, అంటే పక్కకు తిరిగి మోచేయి మీద ఒళ్లు నిటారుగా లేపి ఉంచడం, 20 సెకన్లు చాలు. తుంటి కుంగిపోయాక నిమిషం లాగినా దండగే.

సాగదీయడం క్లాసు అయ్యాకే. తన్నే ముందు ఒకే భంగిమలో నిమిషం దాటి సాగదీస్తే కాసేపు కండరం చురుకు తగ్గుతుంది, తన్నే ముందైతే కాళ్లు ఊపడం 10-12 సార్లు సరిపోతుంది. క్లాసు చివర కాళ్లు వెడల్పుగా చాపి కూర్చుని, మడమలు 6 సెకన్లు నేలకేసి నొక్కి, వదిలి, కొంచెం ముందుకు వంగండి. ఇలా 3 సార్లు. వెంటనే చేతి సాయం లేకుండా ఒక్కో కాలినీ 5 సార్లు నేల నుంచి లేపండి. తొడ పట్టేస్తుంది, నిజమే. కానీ జానెడు తేడా తగ్గేది ఇక్కడే.

గజ్జల్లో ముందువైపు గుచ్చినట్టుంటే ఆగిపోండి. తొడ ఎముక తల ఇమిడే తుంటి గిన్నె ఆకారం అందరికీ ఒకేలా ఉండదు, ఎముకకు ఎముక అడ్డుపడితే ఎంత సాగదీసినా లాభం లేదు. సాగదీసే పిల్లల వీపు మీద ఎక్కి కూర్చునే అలవాటు మాత్రం దయచేసి మానండి. ఎదిగే వయసులో ఎముక చివర ఇంకా గట్టిపడదు, బలవంతంగా లాగితే కండరం అతుక్కున్న చోట ఎముక ముక్క ఊడే ప్రమాదముంది.

ఇక మన విశాఖ ఆర్.కె. బీచ్ సంగతి. ఇసుకలో ప్లాంకులు, పరుగు హాయిగా చేయించండి. మవాషి గెరి వద్దు. తన్నేటప్పుడు నిలబడ్డ కాలి మడమ లక్ష్యం వైపు తిరగాలి. మెత్తటి ఇసుకలో పాదం కూరుకుపోతుంది, తుంటి తిరిగిపోతుంది, మధ్యలో మెలిపడేది మోకాలు.