ఫ్లాట్‌లో గేమ్స్ నైట్: ఏడుగురున్నప్పుడు రమ్మీ ఎలా నడపాలి

హాయ్ ఫ్రెండ్స్. ఈ రోజు గేమ్స్ నైట్. విశాఖలో మద్దిలపాలెం వైపో, ఎంవీపీ కాలనీ వైపో స్టూడెంట్స్ ఉండే డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అనుకోండి. మనుషులు ఏడుగురు, హాలు ఒక్కటే. టేబుల్ లేదు, అక్కర్లేదు కూడా.

హాలు ఊడ్చేయండి, మంచం గోడకి నెట్టేయండి, అయిపోయింది. కింద దుప్పటి కాదు, బొంత వేయండి. ఇదిగో, పల్చటి దుప్పటి మీద ముక్క ఫ్యాన్ గాలికి ఎలా లేచిపోతోందో చూడండి. విశాఖలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం అయ్యే పని కాదు కదా. బొంత మీదైతే ముక్క కాస్త కుంగి కూర్చుంటుంది. ఫ్యాన్ రెండులో పెట్టండి, చాలు.

పేక మాత్రం ప్లాస్టిక్‌దే కొనండి. పేపర్ ముక్కలు ఈ ఉప్పు గాలికి అతుక్కుపోయి, పంచుతుంటే రెండేసి వస్తాయి.

ఇప్పుడు అసలు విషయం, ఏడో మనిషి. రమ్మీకి రెండు కట్టలు చాలంటారు. ఆరుగురి వరకూ చాలు. ఏడుగురైతే లెక్క చూడండి: రెండు కట్టలు, కట్టకో జోకర్, మొత్తం 106. మనిషికి పదమూడు, ఏడు పదమూళ్లు 91. మిగిలేవి 15. జోకర్‌గా ఒకటి తీసి, ఓపెన్‌లో, అంటే తిరగేసి, ఒకటి పెడితే 13. రెండు రౌండ్లు తిరక్కుండానే కట్ట ఖాళీ, మళ్లీ కలపాలి. అందుకే మూడు కట్టలు. 159 ముక్కల్లో 91 పోతే 68. హాయిగా నడుస్తుంది.

159 ముక్కలు చేతిలో పట్టవు గురూ. బొంత మీద పోసి పిండి కలిపినట్టు కలపండి, ఇలా. కట్టల వెనక రంగు మూడూ వేరుగా ఉంటే చివర్లో విడదీయడం సులువు. పై ముక్క ఏ కట్టదో తెలిసిపోతుందంటారు కొందరు. తెలిస్తే తెలిసింది.

ఇక్కడ కాస్త ఆగండి. మూడు కట్టలతో ఆడితే రాంగ్ షోలు, అంటే ఆట అయిందని తప్పుగా ముక్కలు చూపించడాలు, ఎక్కువ పడతాయి. ఇది చూడండి: ఆటీను ఏడు, ఇస్పేటు ఏడు, ఆటీను ఏడు. సెట్టా, అంటే ఒకే అంకె వేరువేరు గుర్తుల్లో వచ్చిన గుంపా? కాదు. సెట్టులో ఒకే గుర్తు రెండుసార్లు రాకూడదు. మూడు కట్టలంటే ఆటీను ఏడులే మూడుంటాయి మరి. చేతిలో విసనకర్రలా పట్టుకుంటే మూల మీద ఏడు అంకె ఒక్కటే కంటికి ఆనుతుంది, గుర్తు చూడం. షో అంటాం, 80 పాయింట్లు పడతాయి. 101 పాయింట్లు తాకితే అవుటయ్యే 101 ఆటలో 80 పడ్డాక, ఆ ఆట ఆడకుండా వదిలేసే ఒక్క డ్రాప్‌కి 20, అంటే వంద. ఇంకొక్క పాయింటొస్తే బయటికే. కాబట్టి ముక్కలు ఎరుపు, నలుపు, ఎరుపు అని సర్దుకోండి. ఎరుపు పక్కన ఎరుపు వచ్చిందా, ఆటీనా డైమనా అని ఒకసారి చూడండి. ఒకటే గుర్తైతే రెండోదాన్ని ఆరు, ఎనిమిది పక్కకి పంపండి, సీక్వెన్స్‌కి, అంటే ఒకే గుర్తులో వరుస అంకెలకి, పనికొస్తుంది. మళ్లీ చెప్తున్నా, షో చెప్పేముందు గుర్తులు చూడండి, అంకెలు కాదు.

మిగతావి మీకు తెలిసినవే. రెండు సీక్వెన్సులు ఉండాలి, అందులో ఒకటి జోకర్ లేనిది. ముక్క తీయకముందు డ్రాప్ 20, తీశాక 40. డబ్బులు పెట్టొద్దు. 101 తాకినవాళ్లు గిన్నెలు తోముతారు, అంతే.

అవుటైనవాళ్లు ఖాళీగా ఉంటే ఫోన్లు తీస్తారు, అక్కడితో రాత్రి అయిపోయినట్టే. వాళ్లకి అష్టాచమ్మా ఇవ్వండి. సుద్దతో ఐదు బై ఐదు గడులు. గవ్వలు లేకపోతే నాలుగు చింతపిక్కలు మెట్ల సిమెంటు మీద ఒకవైపు రుద్దండి. టైల్స్ మీద రుద్దితే జారుతుంది, అరగదు. ఇలా తెల్లగా బయటపడే దాకా రుద్దాలి. నాలుగూ తెలుపైతే చమ్మా, నాలుగు. నాలుగూ నలుపైతే అష్టా, ఎనిమిది. రెండిటికీ మళ్లీ వేసుకోవచ్చు.

క్యారమ్స్ కావాలంటే ముందే, పది లోపు కానిచ్చేయండి. స్ట్రైకర్ ఫ్రేముకి తగిలే టకటక కింది ఇంటికి బాగా వినిపిస్తుంది. బోర్డు కింద మడత దుప్పటి వేస్తే కొంత నయం.

తినడానికి బీచ్ రోడ్డు తరహా మురీ మిక్చర్. పావుకిలో మరమరాలు, నాలుగు ఉల్లిపాయలు, మూడు టమాటాలు, రెండు నిమ్మకాయలు, గుప్పెడు వేరుశెనగలు. అన్నీ తరిగి విడిగా ఉంచండి, ఎవరి గ్లాసులో వాళ్లు అప్పటికప్పుడు కలుపుకోవాలి. ముందే కలిపేస్తే పది నిమిషాల్లో మెత్తబడిపోతుంది. చెంచా తప్పనిసరి, నూనె చేత్తో ముక్క ముట్టుకోవద్దు.

పడుకునేముందు కట్టకి 53 లెక్కపెట్టండి. తక్కువైతే బొంత మడతలో వెతకండి, అక్కడే ఉంటుంది. చెప్పుల డబ్బాలో వచ్చే సిలికా పొట్లం ఒకటి పేక పెట్టెలో పడేయండి.