సగం పెడలు, నిండు పెడలు

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఉభాల రోజులు, అంటే వరి నాట్ల రోజులు, దగ్గరకొచ్చేశాయి. ఇటు పాతపట్నం, అటు పర్లాకిమిడి, వంశధార పొడుగునా కాశీనగరం, గుణుపూరు దాకా ఇంకొన్నాళ్లలో ఏ మడి చూసినా దమ్ము చక్రాల చప్పుడే. ఏపీ నంబరు ట్రాక్టరు ఒడిశా మడిలో, ఓడీ 20 నంబరు (ఒడిశా) ట్రాక్టరు మన మడిలో దమ్ము పట్టడం ఇక్కడ మామూలే కదా. ఈ సీజన్లో మా మెకానిక్కులు ఎక్కువగా వినే మాట ఒకటుంది: “క్లచ్ పోయింది, ప్లేట్లు మార్చెయ్యండి.” తీరా చూస్తే, చాలా బళ్లలో ప్లేట్లు బాగానే ఉంటాయి. రెండు స్పానర్లతో అయిపోయే పనికి బండిని నడుం దగ్గర విడదీయించుకుని డబ్బూ, దమ్ము రోజులూ పోగొట్టుకుంటారు. అందుకని ఇవాళ ట్రాక్టరు డబుల్ క్లచ్ గురించి చెబుతాను.

డబుల్ క్లచ్‌లో ప్లేట్లు రెండు. ఒకటి గేరుబాక్సుకి, అంటే చక్రాలకి. రెండోది వెనకనున్న పీటీఓ షాఫ్టుకి, అంటే రోటావేటర్ లాంటి పనిముట్లని తిప్పే ఇరుసుకి. పెడలు ఒక్కటే. సగం నొక్కితే చక్రాలు ఆగుతాయి, రోటావేటర్ తిరుగుతూనే ఉంటుంది. అడుగుదాకా నొక్కితే పీటీఓ కూడా ఆగుతుంది. గట్టు దగ్గర బండి ఆపినా రోటావేటర్ తిరుగుతూ, ముందు పేరుకున్న బురదని కొట్టేసుకోవాలంటే ఈ సగం పెడలే ఆధారం. నూర్పిడి మిషను గింజ మింగలేక ఆయాసపడినప్పుడూ అంతే.

ఇక పెడలు ఆట. పెడలు మీద చెయ్యి పెట్టి మెల్లగా నొక్కండి, కాలితో కాదు. మొదట కొంచెం దూరం ఊరికే దిగుతుంది, తర్వాత గట్టిగా తగులుతుంది. ఆ ఊరికే దిగిన దూరమే ఆట. పక్కన స్కేలు నిలబెట్టి కొలవండి. చాలా బళ్లకి 20 నుంచి 30 మిల్లీమీటర్ల మధ్యలో ఉంటుంది గానీ, మీ బండితో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే లెక్క. ఆ పుస్తకం ఇంట్లో దేవుడి పటం వెనకో, బీరువాలోనో ఉంటుంది. ఒకసారి దించండి.

ఇక్కడే చాలామంది తికమకపడతారు. ప్లేటు అరిగితే పెడలు వదులవుతుందనుకుంటారు. జరిగేది దానికి తలకిందులు. లైనింగు, అంటే ప్లేటు మీది రాపిడి పొర, అరిగేకొద్దీ క్లచ్ లోపలి వేళ్లు (ప్లేటుని విడదీసే చిన్న మీటలు) వెనక్కొచ్చి, పెడలు నొక్కితే వాటిని తోసే రిలీజ్ బేరింగుకి దగ్గరవుతాయి. దాంతో ఆట తగ్గిపోతూ వస్తుంది. ఆట పూర్తిగా పోయిందంటే మీ కాలు పెడలు మీద లేకపోయినా క్లచ్ సగం నొక్కి ఉన్నట్టే. ప్లేటు జారుతుంది, మాడుతుంది, ముక్కుకి ఘాటు తగులుతుంది. ఆ వాసన తెలియని డ్రైవరు ఈ చుట్టుపక్కల ఉండడు.

మొన్న ఒక కుర్రాడు బండి తెచ్చాడు.
“బాబాయ్, లోడుతో మెట్టెక్కుతుంటే ఇంజను అరుస్తోంది గానీ బండి కదలదు.”
“కాలెక్కడ పెడతావురా నడిపేటప్పుడు?”
“పెడలు మీదే… అలా ఆనించి.”
అదీ సంగతి. ఆనించిన కాలు కూడా నొక్కుడే.

ఆట సరిచేసేది ఇలాగ. ఇంజను ఆపండి, చక్రాలకి చెక్కలు పెట్టండి. పెడలు నుంచి క్లచ్ హౌసింగుకి వెళ్లే రాడ్డు మీద లాక్‌నట్టు ఉంటుంది. దాన్ని వదులు చేసి రాడ్డు పొడవు మార్చాలి. ఏ వైపు తిప్పితే ఆట పెరుగుతుందన్నది బండిని బట్టి ఉంటుంది. ఒక చుట్టు తిప్పి కొలిచి చూస్తే తెలిసిపోతుంది. కొలత కుదిరాక లాక్‌నట్టు బిగించండి. పిన్ను తీసి ఉంటే స్ప్లిట్ పిన్ను కొత్తది వెయ్యండి. రాడ్డు సర్దుకునేంత మర కూడా మిగల్లేదంటే, అప్పుడు నిజంగానే ప్లేటు అయిపోయినట్టు.

చక్రాలు బాగానే లాగుతున్నాయి, గట్టి నేలలో రోటావేటర్ మాత్రం నీరసపడిపోతోందంటే పీటీఓ ప్లేటు జారుతోందని అనుమానించాలి. రోటావేటర్ బాగా తిరుగుతూ, బండి మాత్రం లాగకపోతే గేరుబాక్సు ప్లేటు సంగతి చూడాలి.

ఇంకో రకం ఫిర్యాదు: గేరు వేస్తే గరగరమంటుంది, లేదా అడుగుదాకా నొక్కినా పీటీఓ ఆగదు. ఆట మరీ ఎక్కువైతే పెడలు ఎంత నొక్కినా లోపల క్లచ్ పూర్తిగా విడదు. అందుకని ముందు ఆట చూడండి. దానికంటే ముందు ఇంకోటి చూడండి, నవ్వకండి. పెడలు కింద పలక మీద ఎండిన దమ్ము బురద గట్టిపడి, పెడలు అడుక్కి దిగనివ్వదు. పారతో గీకితే పీటీఓ ఆగిపోయిన బళ్లున్నాయి. ఒక్క మాట: రోటావేటర్ బరువు మీద కాసేపు తిరిగి ఆగుతుంది, అది లోపం కాదు. ఆగకుండా తిరుగుతూనే ఉంటేనే లోపం.

గేరు నిశ్శబ్దంగా పడుతూ, పీటీఓ లివరు మాత్రం గరగరమంటే రెండో దశ, అంటే నిండు పెడలుతో పీటీఓ విడిపోయే సెట్టింగు తప్పింది. అది లోపలి బోల్టుల పని. సన్నని సందు కొలిచే రేకులైన ఫీలర్ గేజుతో, పుస్తకంలోని కొలత ప్రకారం పెట్టాలి. వేళ్లన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకటి ఎక్కువా ఒకటి తక్కువా ఉంటే బండి కదిలేటప్పుడు వణుకుతుంది. కంటి అంచనాతో బిగించే మనిషికి బండి ఇవ్వకండి.

క్లచ్ హౌసింగు కింద చిన్న రంధ్రం ఉంటుంది, కొన్ని బళ్లలో దాంట్లో ఒక స్ప్లిట్ పిన్ను వేలాడుతుంది. అది బురదతో మూసుకుపోకుండా చూసుకోండి. అందులోంచి ఆయిలు చుక్కలు పడితే సీలు పోయినట్టు. ఆయిలు తాగిన లైనింగు ఏ సర్దుబాటుకీ లొంగదు, ఇక విప్పాల్సిందే.

వానాకాలం తర్వాత బండి నెలల తరబడి షెడ్డులో నిలబెట్టేస్తే ప్లేటు తుప్పుతో ఫ్లైవీలుకి, అంటే ఇంజను వెనక ఉండే బరువు చక్రానికి, అంటుకుపోవచ్చు. అలాంటప్పుడు పెడలు నొక్కి పట్టుకునేలా కొక్కెం ఉంటే తగిలించండి, లేకపోతే చెక్క బిగించండి. బండి బయటికి తీసే ముందు దాన్ని వదలడం మరచిపోకండి. ఇక కల్లంలో మిషను నడిపేటప్పుడు గంటలకొద్దీ సగం పెడలు మీద ఉంచకండి, గేరు న్యూట్రల్లో పెట్టండి. లేదంటే రిలీజ్ బేరింగు ముందు పోతుంది. పెడలు తాకగానే కూతలా చప్పుడు మొదలైతే అదే.

తిరుగుతున్న పీటీఓ షాఫ్టు దగ్గరకి తుండుగుడ్డ, లుంగీ అంచు, చీర కొంగు ఏదీ పోనివ్వకండి. అది నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. చుట్టుకున్నాక పెడలు నొక్కే వ్యవధి ఉండదు. కిందికి దూరే ముందు ఇంజను ఆపి తాళం జేబులో వేసుకోండి.

బండి విడదీయక తప్పకపోతే, ఒక్క ప్లేటే మార్చి ఊరుకోకండి. విప్పిన కూలీ ఎలాగూ ఇస్తున్నారు, రెండు ప్లేట్లు, రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు మధ్యలోని పైలట్ బేరింగు, సీళ్లు అన్నీ చూపించండి. తీసిన పాత సామాను మీ చేతికి ఇవ్వమనండి.

నమస్కారం.