తూకం నీటికి, టేపు కొవ్వుకి

శ్రోతలకు నమస్కారం. గుండెపోటు వచ్చి, స్టెంటు వేయించుకుని ఇంటికొచ్చిన మనిషిని చూడ్డానికి వచ్చినవాళ్లు మొదట ఏమంటారు? "అయ్యో, ఎంత చిక్కిపోయావు! కాస్త నెయ్యేసుకుని తిను" అంటారు. వాళ్లది ప్రేమే. కానీ ఆ నేతిగిన్నె కాసేపు పక్కన పెట్టండి.

రక్తం అందక చచ్చిపోయిన గుండె కండరం మళ్లీ మొలవదు. ఆ చోట కొన్ని వారాల్లో గట్టి మచ్చ కడుతుంది. మచ్చకు ముడుచుకునే శక్తి లేదు కాబట్టి దాని వంతు పని కూడా మిగతా కండరమే చెయ్యాలి. ఒళ్లు పెరిగిన మనిషికి ఒంట్లో రక్తమూ ఎక్కువే. అంటే బలం తగ్గిన గుండె మీద చాకిరీ పెరిగిందన్నమాట.

ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి ఆ మచ్చలోకే కొవ్వు చేరుతుంది. గుండె కొట్టుకోవాలంటే కండరం గుండా కరెంటు పారాలి. కొవ్వులోంచి అది పారదు. పక్కన మిగిలిన సన్నటి కండరపు పోగుల వెంట మెల్లగా వంకర్లు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి, అక్కడక్కడే గిరగిరా తిరగొచ్చు. గుండె దడదడలాడి మనిషి స్పృహ తప్పేది అలాంటప్పుడే. ఈ మచ్చకొవ్వు సన్నగా ఉన్నవాళ్లకీ రావచ్చు, అందుకని తిండినొక్కదాన్నే తిట్టి లాభం లేదు. మన చేతిలో ఉన్నది పొట్ట కొవ్వు. అది బీపీనీ షుగర్నీ పెంచి, మిగిలిన రక్తనాళాల్లో కొత్త అడ్డంకులకు దారి తీస్తుంది.

దాన్ని కొలిచేది టైలరు టేపు. తూకం మిషను కాదు, టేపు. ప్యాంటు సైజు 34 అని చెబితే కుదరదు, చాలామంది బెల్టు పెట్టుకునేది పొట్ట కింద. పంచె ముడి మీదా, చీర కుచ్చిళ్ల మీదా కొలవకండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన, ఒంటి మీదే, టేపు చుట్టూ సమంగా ఉండేలా పెట్టండి. మామూలుగా ఊపిరి వదిలాక చూడండి. పొట్ట లోపలికి పీల్చకూడదు! మనవాళ్లలో మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. టేపు లేదా? మీ ఎత్తు కొలిచిన దారాన్ని సగానికి మడిచి నడుముకు చుట్టండి. కొసలు కలవకపోతే పొట్ట ఎక్కువున్నట్టే. నెలకోసారి చూసుకుంటే చాలు.

మరి తూకం మిషను అటక మీద పెట్టెయ్యాలా? వద్దు, దానికి వేరే పనుంది. గుండె నీరసించినవాళ్లకు ఒంట్లో నీరు చేరుతుంది. కొవ్వు నెలల మీద పెరుగుతుంది, నీరు రోజుల్లో పెరుగుతుంది. అందుకని పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు, రోజూ ఒకే రకం బట్టల్లో తూగి కాలెండరు మీద రాయండి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే అది నెయ్యి చేసిన పని కాదు, నీరు. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కండి. సొట్ట అలాగే ఉండిపోతే అనుమానం బలపడినట్టే. సొట్ట పడలేదని ఊరుకోవద్దు. పడుకుంటే ఆయాసం వస్తున్నా ఆగొద్దు, డాక్టరుగారికి చెప్పండి.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. బరువు పెరిగిందని కొందరు భోజనం మానేస్తారు, కొందరు ఇంకో గంట నడుస్తారు. గుండె నీరసించి ఒంట్లో నీరు చేరినప్పుడు ఆ నడక ప్రమాదం. ఒంట్లో నీటిని మూత్రంలో పంపేసే నీటిమాత్ర కూడా సొంతంగా పెంచుకోకండి. డాక్టరుగారికి ఫోన్ చేయండి. చేసినప్పుడు "బరువు పెరిగారండీ" అని ఊరుకోకుండా కాలెండరు చూసి చెప్పండి: సోమవారం 71, గురువారం 73న్నర.