180 గ్రాముల రికార్డు: డిస్కు బరువు పెంచారు, అట్ట మందం మర్చిపోయారు

[షాట్: వంటింటి గట్టు మీద డిజిటల్ కాటా. దాని మీద నల్లటి రికార్డు. అంకె నిలబడేదాకా కెమెరా కదలదు.]

నమస్కారం. ఇది మా ఇంట్లో పిండి తూచుకునే కాటా. దీని మీద ఉన్నది పోయిన నెల నేను కొన్న ఎల్పీ రికార్డు. 183 గ్రాములు చూపిస్తోంది. కవర్ మీద బంగారు రంగులో గుండ్రటి స్టిక్కర్ ఉంది చూడండి, "180 గ్రాములు" అని. మాట తప్పలేదు, మూడు గ్రాములు ఎక్కువే ఇచ్చారు.

ఇప్పుడు మా నాన్నగారు 1970ల చివర్లో కొన్న రికార్డు పెడుతున్నాను. 127.

రెండింటికీ 56 గ్రాముల తేడా. బరువులో ఇంత తేడా ఉంటే పాటలో కూడా ఉండాలి కదా అనిపిస్తుంది. నేనూ చాలా ఏళ్లు అలాగే అనుకున్నాను. ఆ స్టిక్కర్ కోసమే ఎక్కువ డబ్బు పెట్టి కొన్న రికార్డులు నా అల్మరాలో ఉన్నాయి. అందుకే ఈ రోజు ఆ బరువు గురించి, దాన్ని మోయాల్సిన అట్ట కవర్ గురించి మాట్లాడుకుందాం. నా అసలు బాధ అట్ట గురించే. ముందు బరువు సంగతి చూద్దాం.

[షాట్: డిస్కు అంచు, పక్క నుంచి బాగా దగ్గరగా. పక్కన స్కేలు.]

రికార్డులో పాట ఉండేది గాడిలో. ఈ గాడికి రెండు ఏటవాలు గోడలుంటాయి, వాటి మధ్య కోణం 90 డిగ్రీలు. ముల్లు ఆ రెండు గోడలకీ ఆనుకుని నడుస్తుంది. ఎడమ స్పీకర్‌ శబ్దం ఒక గోడ మీద, కుడి స్పీకర్‌ది రెండో గోడ మీద చెక్కి ఉంటాయి. గాడి లోతు పాట జోరుని బట్టి మారుతుంది కానీ, సుమారుగా 30 మైక్రాన్లు అనుకోండి. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. అంటే గాడి లోతు వెంట్రుకలో సగం కూడా లేదు. రెండు వైపుల గాడులూ కలిపినా 60 మైక్రాన్లే. డిస్కు మందమేమో ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల మధ్య, అంటే 1500 నుంచి 2000 మైక్రాన్లు. మిగతాదంతా మధ్యలో ఉన్న ప్లాస్టిక్కే.

గాడి అంటే ఇంటి గోడకి వేసిన సున్నం లాంటిది. గోడ ఒక ఇటుక మందం కట్టారా, ఇటుకన్నర కట్టారా అన్నదాన్ని బట్టి సున్నం రంగు మారదు.

ఒక చిన్న లెక్క చేద్దాం. 12 అంగుళాల డిస్కు వైశాల్యం సుమారు 716 చదరపు సెంటీమీటర్లు. వినైల్ ప్లాస్టిక్ ఒక ఘన సెంటీమీటరు దాదాపు 1.4 గ్రాములు తూగుతుంది. మామూలు 140 గ్రాముల రికార్డుకి ఇంకో 40 గ్రాములు కలిపి ఆ వైశాల్యమంతా పరిస్తే పెరిగే మందం 0.4 మిల్లీమీటరు. ఒక పెళ్లి శుభలేఖ అట్ట అంత. స్టిక్కర్ చెప్పే తేడా అంతే.

[షాట్: 78 వేగం పాత ప్లేటు, చేతుల్లో. అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడి ఉంది.]

బరువుంటే మంచి రికార్డు అన్న మాట మొదటి నుంచీ ఉన్నది కాదు. ఇది 78 వేగంతో, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ ప్లేటు. ఇది లక్కతో చేసింది. చెట్ల కొమ్మల మీద లక్క పురుగు వదిలే జిగురు ఉంటుంది కదా, దాన్నే శుద్ధి చేసి, రాతిపొడి కలిపి, వేడి చేసి ఒత్తేవారు. ప్రపంచంలో రికార్డు కంపెనీలకి లక్క ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది. కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీకి పెద్ద ఫ్యాక్టరీ ఉండేది. మన తాతల ఇళ్లలో పాడిన ప్లేట్లు చాలావరకు అక్కడ ఒత్తినవే. బరువుగా ఉండేవి, చేయి జారితే అప్పడంలా ముక్కలయ్యేవి. 10 అంగుళాల ప్లేటులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది.

1948లో అమెరికాలో కొలంబియా కంపెనీ వినైల్ ఎల్పీ తెచ్చినప్పుడు అందరినీ ఆకట్టుకున్న సుగుణాల్లో ఒకటి అది తేలిక కావడం. పగలదు, ఒక వైపు ఇరవై నిమిషాలు దాటి పాడుతుంది, అరలో తక్కువ చోటు పడుతుంది.

తేలిక చేయడం తర్వాత మరీ ఎక్కువైంది. 1970 ప్రాంతంలో ఆర్‌సీఏ కంపెనీ "డైనాఫ్లెక్స్" అని పల్చటి రికార్డులు తెచ్చింది. 100 గ్రాముల చుట్టుపక్కల ఉండేవి. రెండు చేతులతో పట్టుకుని ఊపితే రేకులా ఊగేవి. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. వినైల్ అంటే పెట్రోలియం నుంచి వచ్చే ప్లాస్టిక్కే కాబట్టి ఖర్చు పెరిగింది, పాత రికార్డులు కరిగించి మళ్లీ వాడటం ఎక్కువైంది. చిటపట శబ్దాలు, వంకర డిస్కులు. పల్చటి రికార్డంటే నాసిరకం అన్న అభిప్రాయం శ్రోతల్లో నాటుకుంది అప్పుడే. అయితే డైనాఫ్లెక్స్ రికార్డుల్లో శుభ్రంగా, నిశ్శబ్దంగా పాడేవి కూడా ఉన్నాయి. ఒత్తిన తీరు బాగుంటే పల్చటి డిస్కు కూడా చక్కగా పాడుతుంది.

దానికి ఎదురుగా ఇంకో దారి మొదలైంది. 1980ల మొదట్లో అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ సంస్థ జపాన్‌లో 200 గ్రాముల డిస్కులు ఒత్తించి, పెట్టెల్లో పెట్టి అమ్మింది. 1990ల్లో పాత క్లాసికల్, జాజ్ రికార్డింగులని మళ్లీ విడుదల చేసినవాళ్లు 180 గ్రాములని ఒక గుర్తుగా చేసుకున్నారు. వాళ్లు బరువుతో పాటు మిగతా ప్రతి మెట్టులోనూ శ్రద్ధ పెట్టారు: అసలు టేపు వెతికి తేవడం, మంచి ఇంజనీరుతో గాడి కోయించడం, కొత్త ప్లాస్టిక్ వాడటం. జనం చెవికి బాగుందనిపించింది ఆ శ్రద్ధ వల్ల. కంటికి కనిపించింది మాత్రం 180 అన్న అంకె. ఆ తర్వాత అంకె ఒక్కటే మిగిలి, శ్రద్ధ లేని చోటికి కూడా ఆ స్టిక్కర్ వెళ్లింది.

[షాట్: చేత్తో గీసిన బొమ్మ. రెండు పలకల మధ్య నల్లటి ముద్ద.]

రికార్డు ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. వేడి చేసిన వినైల్‌ని ముందు చపాతీ ఉండలా ముద్ద చేస్తారు. దానికి పైనొక లేబుల్, కిందొక లేబుల్ పెడతారు. లేబుల్‌కి జిగురు వాడరు, డిస్కుతో పాటే కలిపి ఒత్తేస్తారు. నాకు ఎప్పటికీ ముచ్చటగా అనిపించే విషయం ఇది. రెండు వైపులా నికెల్ అచ్చులు, వాటి వెనక ఆవిరి వేడి. సుమారు 100 టన్నుల ఒత్తిడితో అచ్చులు మూసుకుంటాయి, ముద్ద పరుచుకుంటుంది. వెంటనే ఆవిరి ఆపి చల్లటి నీళ్లు పంపిస్తారు. మొత్తం అరనిమిషం పని. అంచుల నుంచి బయటకి వచ్చిన ప్లాస్టిక్‌ని కోసేస్తారు.

ప్లాస్టిక్ గాడి మూలమూలకీ పారకముందే చల్లబడితే, ఆ చోట గుడ్డ చింపినట్టు శబ్దం వస్తుంది. పూర్తిగా చల్లారకముందే బయటికి తీస్తే డిస్కు పళ్లెంలా వంగుతుంది. బరువైన డిస్కులో ప్లాస్టిక్ ఎక్కువ కాబట్టి అది చల్లారడానికి ఎక్కువ సమయం కావాలి. ఆర్డర్లు నెత్తి మీద ఉన్నప్పుడు ఆ కొన్ని సెకన్లే ముందు కోతకి గురవుతాయి. అమెరికాలో 2022లో వినైల్ రికార్డులు సీడీల కంటే ఎక్కువ అమ్ముడయ్యాయి, 4 కోట్లు దాటి. ప్రెస్సుల మీద టెన్షన్ ఎంతుంటుందో ఊహించుకోండి. 180 గ్రాముల రికార్డులు కూడా వంకర తిరిగి వస్తున్నాయంటే కారణాల్లో ఇదొకటి.

బరువు వల్ల ఉపయోగం అసలు లేదనను. మందపాటి డిస్కు చేతిలో వంగదు, ప్లేయర్‌లో తిరిగే పళ్లెం మీద నిండుగా కూర్చుంటుంది. పట్టుకుంటే ఒక తృప్తి ఉంటుంది, ఆ తృప్తి నాకూ ఇష్టమే. మందం మారితే ముల్లు వాలు మారిపోతుందని కొందరు కంగారు పడతారు. ముల్లుని మోసే చేయి 9 అంగుళాలున్న ప్లేయర్‌లో డిస్కు 0.4 మిల్లీమీటరు మందమైతే చేయి వాలు మారేది డిగ్రీలో పదో వంతు. దానికోసం ప్రతిసారీ స్క్రూలు తిప్పక్కర్లేదు.

పాటలో తేడా కావాలంటే వేరే చోట చూడండి. ఒకే ఎల్పీ మీద ఇరుకుగా సర్దిన పాటల్ని రెండు డిస్కుల మీద 45 వేగంతో పరిస్తే తేడా నిజంగా వినిపిస్తుంది. 33 వేగంలో బయటి అంచు దగ్గర గాడి ముల్లు కింద సెకనుకి అర మీటరు నడుస్తుంది. లేబుల్ దగ్గరికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లే. అదే పాట తక్కువ చోట ఇరుక్కోవాలి. చివరి పాటలో "స", "ష" అక్షరాలు గరగరలాడేది అందుకే. ఎన్ని గ్రాములు కలిపినా ఆ ఇరుకు తగ్గదు.

[షాట్: అట్ట కవర్, అడుగు అంచు. అతుకు నాలుగు అంగుళాలు చీలి ఉంది. కెమెరా ఆ చీలిక వెంట మెల్లగా వెళ్తుంది.]

ఇక అట్ట. ఇది విదేశం నుంచి తెప్పించుకున్న రెండు డిస్కుల సెట్టు. మూడు వారాలు ఎదురు చూశాను. పెట్టె బయటికి చక్కగా ఉంది, ఎక్కడా నొక్కు లేదు. విప్పితే అట్ట అడుగు ఇలా చీలి, లోపలి కవర్ బయటికి తొంగి చూస్తోంది. ఇది ఎవరో పడేస్తే అయింది కాదు. లోపలి డిస్కే చీల్చింది. రెండు డిస్కులు కలిపి 360 గ్రాములు, అంచు గట్టిగా, సన్నగా ఉంటుంది. పార్సిల్ నిలువుగా కింద ఆనినప్పుడల్లా ఆ బరువంతా ఒక కాగితపు మడత మీద పడుతుంది. 120 గ్రాముల డిస్కుకి చాలిన అట్ట దీనికి చాలదు. డిస్కు బరువు పెంచినవాళ్లు ఈ మడత గురించి ఆలోచించి ఉంటే బాగుండేది.

పాత పద్ధతిలో మందపాటి అట్ట మీద ముద్రించిన కాగితాన్ని అతికించి కవర్ చేసేవారు. ఇప్పటికీ కొన్ని సంస్థలు అలాగే చేయిస్తాయి. అంచుల దగ్గర కాగితం మడిచి లోపలికి అతికించి ఉంటుంది, వేలితో తడిమితే తెలుస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వచ్చేవి అట్ట మీదే నేరుగా ముద్రించి మడిచినవి. అన్నీ చెడ్డవని కాదు, పల్చగా ఉన్నవి మాత్రం త్వరగా చీలతాయి.

ఇంకో నొప్పి లోపలి కవర్. చాలా కొత్త రికార్డులకి బొమ్మలు, పాటల సాహిత్యం ముద్రించిన గట్టి అట్ట కవర్ ఇస్తున్నారు. చూడ్డానికి అందంగా ఉంటుంది. డిస్కు అందులోకి బిగుతుగా దూరుతుంది.

[షాట్: టార్చి వెలుగు డిస్కు మీద ఏటవాలుగా. సన్నటి గీతలు మెరుస్తాయి.]

ఇది నేను రెండే సార్లు పాడించిన డిస్కు. ఈ గీతలు ముల్లు వల్ల వచ్చినవి కావు, తీసి పెట్టేటప్పుడు అట్ట రాసుకుని పడ్డవి. కాగితపు పొడి కూడా గాడిలో చేరుతుంది. అందుకే నేను కొనగానే డిస్కుని మెత్తటి పాలిథీన్ లైనింగ్ ఉన్న లోపలి కవర్‌లోకి మారుస్తాను. అసలు కవర్ అట్టలోనే పక్కన ఉంటుంది. "రైస్ పేపర్" అని అమ్మేవి కూడా బాగుంటాయి. పేరు అలా ఉంది కానీ, వాటిలో ఎక్కువ భాగం సన్నటి పాలిథీనే.

పీవీసీ కవర్లు మాత్రం వద్దు. గాజులా మెరుస్తూ, మెత్తగా, ఒక రకం వాసన వేస్తాయి. ఆ మెత్తదనం కోసం కలిపిన రసాయనం మెల్లగా డిస్కు మీదికి చేరి పొగమంచులా మరక పడుతుంది. మా నాన్నగారి రికార్డుల్లో రెండింటికి అలా జరిగింది. ఎంత కడిగినా పోలేదు, ఆ మేర పాట వెనక బుస వినిపిస్తుంది. బయటి కవర్‌కి పాలిప్రొపిలీన్ లేదా పాలిథీన్ అడిగి తీసుకోండి.

కొత్త రికార్డు మీద బిగించిన ప్లాస్టిక్ ర్యాప్‌ని అపురూపంగా అలాగే ఉంచేవాళ్లున్నారు. అది బిగుతుగా ఉంటే కాలం గడిచేకొద్దీ అట్టని, దాంతో పాటు డిస్కుని కూడా వంచుతుంది. కోసి తీసేయండి, స్టిక్కర్ ముచ్చటైతే దాన్ని కత్తిరించి దాచుకోండి. రికార్డులు నిలువుగానే పెట్టండి, దొంతర పేర్చవద్దు. 60 డిగ్రీల వేడిలో వినైల్ మెత్తబడటం మొదలవుతుంది. మే నెలలో మా విజయవాడలో తలుపులు మూసిన కారు లోపల అంత వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. 180 గ్రాములది కూడా అక్కడ వంగుతుంది.

[షాట్: ఫోన్ తెర. మెసేజ్ టైప్ అవుతూ ఉంటుంది.]

చివరగా, ఆన్‌లైన్‌లో సీల్ విప్పిన రికార్డు కొంటుంటే అమ్మేవాళ్లకి నేను ప్రతిసారీ పంపే మెసేజ్ ఇది: "దయచేసి డిస్కుని లోపలి కవర్‌తో సహా అట్టలోంచి బయటకి తీసి, అట్ట వెనకాల పెట్టి, రెండు వైపులా గట్టి అట్టముక్కలు వేసి పంపండి." ఇది రాయడం మొదలుపెట్టాక మూడేళ్లలో అతుకు చీలిన అట్ట నాకు ఒక్కటే వచ్చింది. సీల్ విప్పనివాళ్ల దగ్గర కొన్నది అది, ఇందాక మీకు చూపించాను.

[షాట్: చీలిన అట్ట బల్ల మీద. లోపలి నుంచి సన్నటి కాగితపు పట్టీ అతికిస్తున్న చేతులు. డిస్కు పక్కనే, కొత్త కవర్‌లో.]