కొలంబియా గొడవలో మన టీవీలు చూపించని భోజనం బల్ల

గాజా యుద్ధానికి వ్యతిరేకంగా న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో విద్యార్థులు వేసిన గుడారాలు, పోలీసుల రాక, హామిల్టన్ హాల్ అనే క్యాంపస్ భవనం ఆక్రమణ... ఇవన్నీ మీరు చూసేశారు. మళ్ళీ మొదటి నుంచీ చెప్పి మీ టైమ్ తినను. నేను చెప్పేది ఒక్క రాత్రి గురించి. 2024 ఏప్రిల్ 22.

ఆ రోజు క్లాసులన్నీ ఆన్‌లైన్. ఎందుకంటే క్యాంపస్‌లో అంత టెన్షన్. అంతకు ముందు రోజే ఒక ఆర్థడాక్స్ రబ్బీ (సంప్రదాయ యూదు మతగురువు) యూదు పిల్లలకు వాట్సాప్ చేశారు, "ఇళ్ళకు వెళ్ళిపోండి" అని. అక్కడి యూదు విద్యార్థుల సంస్థ హిల్లెల్ ఏమంది? "మన పిల్లలు క్యాంపస్ వదిలి వెళ్ళాల్సిన పని లేదు" అంది. చూశారా, ఒకే మతం, ఒకే క్యాంపస్, రెండు సలహాలు!

ఆ రాత్రే యూదుల పస్కా పండుగ మొదలైంది. హిల్లెల్ వాళ్ళు, చబాద్ అనే ఇంకో యూదు సంస్థ వాళ్ళు తమ తమ బల్లల దగ్గర సేదర్‌కు, అంటే పస్కా రాత్రి భోజనానికి కూర్చున్నారు. అదే రాత్రి గుడారాల మధ్య, పాలస్తీనా జెండాల కింద, గడ్డి మీద ఇంకో సేదర్ జరిగింది. చేసింది ఎవరు? యూదు విద్యార్థులే! అదే పులియని రొట్టె. అక్కడున్న వాళ్ళలో చిన్నవాళ్ళు అడిగే అదే ప్రశ్న: "ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదు?"

మరి మన డిబేట్లలో స్క్రీన్‌ని రెండు ముక్కలు చేసి "యూదులు ఇటు, నిరసనకారులు అటు" అన్నారు కదా. ఆ గడ్డి మీద కూర్చున్న పిల్లల్ని ఏ ముక్కలో పెడతారండీ?

అలాగని భయం అబద్ధం అనడం లేదు. తలమీద కిప్పా (యూదుల చిన్న టోపీ) పెట్టుకుని నడవడానికి జంకిన పిల్లలున్నారు, తిట్లు తిన్నవాళ్ళున్నారు. 2024 ఆగస్టులో యూనివర్సిటీ సొంత టాస్క్ ఫోర్సే ఇదంతా రిపోర్టులో రాసింది. అది కొట్టిపారేసే వాళ్ళు ఈ వీడియో ఇక్కడే ఆపేయొచ్చు.

నా పాయింట్ వేరే. ఆ రెండో బల్ల గుడారాల్లోకి ఎందుకు వెళ్ళింది? నన్నడిగితే, దాని మూలం 2010లో ఉంది.

హిల్లెల్ పుట్టింది 1923లో, ఇలినాయ్ యూనివర్సిటీలో. అదే కాలంలో హార్వర్డ్ ఏం చేస్తోందో తెలుసా? ప్రెసిడెంట్ లోవెల్ 1922లో యూదులకు కోటా పెడదామన్నాడు. ఎక్కువమందిని తీసుకోవడానికి కాదండీ, తగ్గించడానికి! కోటాకు ఫ్యాకల్టీ ఒప్పుకోలేదు. అయితే దొడ్డిదారి లేదా? అప్లికేషన్‌లో ఒక ప్రశ్న చేర్చారు: పుట్టినప్పటి నుంచి నీ పేరు గానీ, మీ నాన్న పేరు గానీ ఏమైనా మార్చారా? ఎంత తెలివో చూడండి. పేరు మార్చుకుని లోపలికి వచ్చేవాణ్ణి కూడా పట్టుకోవాలి! ఆ తర్వాత ఫొటో, "వ్యక్తిత్వం"... అన్నీ ఆ జల్లెడలోవే.

అలాంటి కాలంలో "రా, మన దగ్గర కూర్చో" అన్న చోటు హిల్లెల్. ఇప్పటికీ దాని అసలు బలం ఉపన్యాసాలు కాదు, శుక్రవారం రాత్రి భోజనం. సాయంత్రం దీపాలు వెలిగిస్తారు, హల్లా రొట్టె తుంచుతారు, పక్కన కూర్చున్నవాడు ఏ డిపార్ట్‌మెంటో అప్పుడు తెలుస్తుంది. చాలాచోట్ల యూదులు కాని ఫ్రెండ్స్ కూడా వెళ్ళి తింటారు. అమెరికాలో చదివే మన శాకాహారులకు ఒక చిట్కా: కోషర్ వంటలో, అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం చేసే వంటలో, పాలూ మాంసమూ కలవవు. గిన్నెలు కూడా వేరు, మన అమ్మమ్మల మడి వంటిల్లులాగా. కాబట్టి పాల వైపు మాంసం ఉండదు. కానీ చేప, గుడ్డు ఉండొచ్చు, అడిగి తినండి!

సరే, 2010కి వద్దాం. ఆ ఏడాది హిల్లెల్ ఒక రూల్ తెచ్చింది. ఇజ్రాయెల్‌ను బహిష్కరించాలనే వాళ్ళతో, యూదు దేశంగా దానికి ఉండే హక్కే లేదనే వాళ్ళతో కలిసి కార్యక్రమాలు చెయ్యం అని. అంటే భోజనం అందరికీ, మైక్ మాత్రం కొందరికే! 2013లో స్వార్త్‌మోర్ కాలేజీ పిల్లలు "మా హిల్లెల్‌లో ఎవరైనా మాట్లాడొచ్చు" అని ఎదురు తిరిగారు. చివరికి 2015లో ఆ పేరే వదులుకోవాల్సి వచ్చింది.

వాళ్ళ సంస్థ, వాళ్ళ డబ్బు, వాళ్ళ రూల్ అంటారా? నిజమే. ఇజ్రాయెల్ అంటే కన్నీళ్ళు పెట్టుకునే పిల్లాడికి, దాన్ని తిట్టేవాణ్ణి పక్కన కూర్చోబెడితే ఎలా ఉంటుందో కూడా నాకు అర్థమవుతుంది. అయినా నేను ఒప్పుకోను. మైక్ ఇవ్వనివాడు ఇంటికెళ్ళి ముసుగు తన్ని పడుకోడు, వేరు కుంపటి పెట్టుకుంటాడు. కొలంబియా గడ్డి మీద మనం చూసింది ఆ కుంపటే. ఇది నా థియరీ, దీని మీదే నిలబడతాను.

వేరు కుంపట్ల గురించి మనకు ఎవరైనా చెప్పాలా? తానా, ఆటా, నాట్స్, నాటా... అమెరికాలో మన తెలుగు సంఘాలే ఇన్ని! అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళు కామెంట్స్‌లోకి రండి. మీ యూనివర్సిటీలో ఉగాది పచ్చడి ఎన్నిచోట్ల కలిపారు, ఎందుకు విడిపోయారు? నిజం రాయండి, పేర్లు మాత్రం రాయకండి, మళ్ళీ నాకు ఫోన్లు వస్తాయి!