కార్గిల్ వేళ బాబాయ్ చేతిలో కత్తెర

హోస్ట్: అందరికీ నమస్తే. వైజాగ్‌లో యుద్ధం అనగానే మనకి సముద్రమే గుర్తొస్తుంది. 1971, ఘాజీ, బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్, డిసెంబర్ 4న నేవీ డే. ఇవాళ నా పక్కన కూర్చున్నది మాత్రం ఆర్మీ మనిషి, మా సొంత బాబాయ్. ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాడు. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు శ్రీనగర్ బేస్ హాస్పిటల్లో ఉన్నాడు. బాబాయ్, సౌండ్ వస్తోందని ఫ్యాన్ ఆపేశాను. కాస్త ఓర్చుకో.

బాబాయ్: ఈ ఉక్కలోనా? సరే, కానీ.

హోస్ట్: అసలు ఆర్మీలోకి ఎలా వెళ్లావు?

బాబాయ్: ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నవాడు ఏమవ్వాలి? డాక్టర్. నాకు ఎంసెట్‌లో ర్యాంకు రాలేదు. రిక్రూట్‌మెంట్ ర్యాలీలో పరిగెడితే ఇది వచ్చింది. ఈ పనికి సైన్స్ చదివినవాళ్లనే తీసుకుంటారు. లక్నోలో ట్రైనింగ్. ఇంట్లో అందరికీ ధైర్యం ఏంటంటే, ఆస్పత్రి ఉద్యోగమే కదా, కాల్పుల దగ్గరికి పంపరులే అని.

హోస్ట్: నిజంగా పంపరా?

బాబాయ్: నేను బేస్‌లో ఉన్నాను కాబట్టి నన్ను పంపలేదు. మా ట్రేడ్ వాళ్లే చాలామంది పల్టన్లతో పాటు కొండెక్కారు. పైన దెబ్బ తగిలినవాడికి రక్తం ఆపి, కట్టు కట్టి, కిందికి దించేది వాళ్లే. కార్గిల్ దగ్గరి ద్రాస్ ఊరే పది వేల అడుగుల పైన ఉంటుంది. కొట్లాట జరిగిన శిఖరాలు ఇంకా ఎత్తు. అక్కడ ఊపిరి తీసుకోవడమే కష్టం, ఇక స్ట్రెచర్ మోసేవాడి సంగతి చెప్పాలా! కిందికి చేరాక హెలికాప్టర్లో మా దగ్గరికి.

హోస్ట్: హెలికాప్టర్ దిగగానే నీ పని ఏంటి?

బాబాయ్: కత్తెర పని. నవ్వకు. ముందు వాడికి కట్టిన కార్డు చదవాలి. దెబ్బ ఎక్కడ, నొప్పి తగ్గించే మార్ఫిన్ ఇచ్చారా, ఎన్నింటికి ఇచ్చారు, అన్నీ అందులో ఉంటాయి. అది చూడకుండా సూది ముట్టుకోకూడదు. తర్వాత బట్టలు. విప్పబోతే మనిషిని కదిలించాలి, విరిగిన ఎముక ఇంకా జరుగుతుంది. అందుకే కత్తిరించడమే. చలికి ఒకదాని మీద ఒకటి వేసుకున్న స్వెటర్లు నెత్తురుకి అట్టకట్టుకుపోయి ఉండేవి. బూట్లు మరీ నరకం. పాదం వాచిపోతే లేసులు కోస్తే సరిపోదు, తోలే కోయాలి. ఒకబ్బాయి నా చెయ్యి పట్టుకుని హిందీలో బతిమాలాడు, "బూట్లు కోయొద్దు సాబ్, కొత్తవి" అని. కాలు ఉంటుందా పోతుందా అని మాత్రం అడగలేదు.

హోస్ట్: అమ్మో. ఎక్కువగా బుల్లెట్ గాయాలేనా?

బాబాయ్: షెల్ ముక్కలు. స్ప్లింటర్లంటాం. పైకి చిన్న బెజ్జమే కనిపిస్తుంది, లోపల కండంతా చితికిపోయి ఉంటుంది. మట్టి, బట్ట పీలికలు కూడా లోపలికి పోతాయి. సర్జన్ చచ్చిన కండ కోసేసి, బాగా కడిగి, కుట్లు వేయకుండా వదిలేస్తారు. గాజుగుడ్డ వదులుగా పెట్టి, నాలుగైదు రోజులాగి, శుభ్రంగా ఉందనిపిస్తేనే కుట్టేది. వెంటనే కుట్టేస్తే చీము లోపలే పడుతుంది. గ్యాస్ గ్యాంగ్రీన్, అంటే కండ కుళ్లిపోయే ఇన్ఫెక్షన్, వచ్చిందంటే కాలు తీసేయాల్సిందే, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఇది పేషెంట్లకి తెలీదు కదా. పక్కవాడికి కుట్లు వేసి తనకి వేయకపోతే "నా పనైపోయిందా, అందుకే వదిలేశారా" అని టెన్షన్. ప్రతి మంచం దగ్గరా అదే పాఠం చెప్పాలి.

హోస్ట్: మన తెలుగువాళ్లు కనిపించేవారా?

బాబాయ్: ఒక రాత్రి శ్రీకాకుళం కుర్రాడిని తెచ్చారు. మత్తులో "దాహమేస్తంది, దాహమేస్తంది" అంటున్నాడు. అక్కడ ఎవరికీ అర్థం కావట్లేదు. ఆపరేషన్‌కి ముందు నీళ్లివ్వకూడదు. నేను దూది తడిపి పెదాలకి అద్దుతూ "ఏ ఊరు తమ్ముడూ మీది?" అన్నాను. కళ్లు తెరిచి "నువ్వు మనోడివేటి?" అన్నాడు. కాస్త కోలుకున్నాక వాడి గొడవ ఒకటే, చారు కావాలి. రాజ్మా మొహం మొత్తిందట. శ్రీనగర్‌లో చింతపండు నేనెక్కణ్ణుంచి తేవాలి?

హోస్ట్: ఇక్కడ నానమ్మ వాళ్లతో మాట్లాడేవాడివా?

బాబాయ్: మనకి ఫోన్ ఎక్కడిది? పక్కింటివాళ్ల పీపీ నంబరే. ఎస్టీడీ రేటు తగ్గాలంటే రాత్రి 11 దాటాలి, ఆ టైముకి వాళ్లని లేపితే ఏం బాగుంటుంది? ఉత్తరాలే. అడ్రస్‌లో ఊరి పేరు కూడా ఉండదు, 56 ఏపీఓ అంతే, అంటే ఆర్మీ పోస్టాఫీసు నంబరు. టీవీలో కార్గిల్ చూపించగానే మీ నానమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేదట.

హోస్ట్: జూలై 26న అయిపోయింది కదా, అప్పుడు ఊపిరి పీల్చుకున్నారా?

బాబాయ్: టీవీలో అయిపోయింది. ప్రభుత్వ లెక్కలో 527 మంది పోయారు, 1,363 మంది గాయపడ్డారు. ఆ రెండో లెక్క ఎవరికీ గుర్తుండదు. నా ఉద్యోగమంతా అందులోనే ఉంది మరి. చేతులు, కాళ్లు పోయినవాళ్లని పుణె పంపాలి, అక్కడ ఆర్టిఫిషియల్ లింబ్ సెంటర్ ఉంది, 1944 నుంచీ. పంపగానే కాలు పెట్టేయరు. తీసేసిన చోటు మానాలి, వాపు దిగాలి, కొలతలు తీయాలి, మళ్లీ నడక నేర్చుకోవాలి. ఆ శ్రీకాకుళం కుర్రాడికి కుడి చెయ్యి మణికట్టు దాకా తీసేశారు. వాళ్లమ్మకి ఉత్తరం నాతోనే రాయించాడు.

హోస్ట్: ఏమని?

బాబాయ్: "చెయ్యి బెణికింది, అందుకే ఫ్రెండ్ చేత రాయిస్తున్నాను, నువ్వేం కంగారు పడకు" అని. వాడు చెప్పాడు, నేను రాశాను. కొన్నాళ్లకి జవాబొచ్చింది, అదీ ఎవరో పిల్లాడి చేత రాయించిందే. "బెణికితే ఇన్నాళ్లా? అన్నం ఎవరు తినిపిస్తన్నారు? ఆ రాసిన బాబుని నిజం రాయమను" అని ఉంది.

హోస్ట్: రాశావా?

బాబాయ్: వాడు ఆ రోజంతా వద్దన్నాడు, మర్నాడు రాయమన్నాడు. రాశాను.

హోస్ట్: ఆ తర్వాత ఇంకెవరికీ అలాంటి అబద్ధం రాయలేదా?

బాబాయ్: ఎందుకు రాయలేదు? మంచం మీద ఉన్నవాడు అడిగితే కాదంటామా? బెణికిందని మాత్రం రాయలేదు. ఇప్పుడైనా ఆ ఫ్యాన్ వెయ్యమ్మా.