నిలువెత్తు బంగారం
(హనుమకొండలో ఒక సభలో రిటైర్డ్ డ్రాయింగ్ టీచర్ ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు, నేను మళ్లీ చదవను. నా పదిహేను నిమిషాల్లో సగం శాలువాలకే పోయింది.

రామప్ప గుడి శిల్పాల అందం గురించి చెప్పమన్నారు. డ్రాయింగ్ టీచర్‌ని కదా, అందం అంటే నాకు ముందు స్కేలు గుర్తొస్తుంది. మన శిల్పులకూ అంతే. నుదుటి మీద వెంట్రుకలు మొదలయ్యే చోటి నుంచి గడ్డం దాకా ఒక తాలం. తాలానికి 12 అంగుళాలు. ఇవి టేపు మీది ఇంచులు కావు, వేలి వెడల్పులు. బొమ్మ ఎత్తు తొమ్మిది తాలాలైతే, అంటే నవతాలమైతే 108 అంగుళాలు, దశతాలమైతే 120. పెద్ద దేవుళ్లకు పది తాలాలు, వినాయకుడికి ఐదే. పొట్టివాడని ఆయన్ను ఎవరైనా గడప దాటనివ్వలేదా?

రోములో రెండు వేల ఏళ్ల కిందట విట్రూవియస్ అనే కట్టడాల నిపుణుడు రాసిన లెక్కలోనూ ముఖం మనిషి ఎత్తులో పదో వంతే. లెక్క కలిసింది, బొమ్మ కలవలేదు. వాళ్ల అందాల దేవత వీనస్‌కు మన మదనిక నడుము లేదు. మదనికలంటే రామప్ప చూరు కింద నిలబడ్డ ఆడబొమ్మలు.

ఆ నడుము సంగతే చూడండి. 1213లో కాకతీయుల సేనాపతి రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ రామప్ప గుడిలో మదనికలు ఎందుకంత పొడుగ్గా సాగి ఉంటారు? నాకు తోచింది చెప్తాను. స్తంభానికీ చూరుకూ మధ్య ఏటవాలుగా నిలబెట్టిన రాళ్లు అవి. సన్నటి పొడుగు రాయిలోంచి లావుపాటి మనిషి ఎట్లా వస్తుంది? చూరు కింద ఇమడాలని చెక్కిన నడుమును ఆడపిల్లల దగ్గర వెతుకుతున్నాం. పైగా అది నల్లరాయి. ఆ రంగు మాత్రం పెళ్లిచూపుల్లో ఎవరికీ వద్దు!

2025 మేలో ప్రపంచ సుందరి పోటీకి వచ్చిన అమ్మాయిలు రామప్పకు వచ్చారు. అక్కడి ఆడవాళ్లు వాళ్ల కాళ్లు కడిగిన గొడవ మీకు తెలుసు, అందులోకి పోను. నాకు అప్పుడు గుర్తొచ్చింది మేడారం. అదే ములుగు జిల్లా. అక్కడ సమ్మక్కకు విగ్రహమే లేదు. చిలుకలగుట్ట నుంచి కుంకుమ భరిణె వస్తుంది, గద్దె మీద కొలువవుతుంది. తాలం పెట్టి కొలుద్దామంటే ఒళ్లేది?

చిన్నప్పుడు నాకు టైఫాయిడ్ వస్తే మా అమ్మ నిలువెత్తు బంగారం మొక్కింది. బంగారమంటే బెల్లం, మీకు తెలుసు. చేతిలో పైసలు లేక ఒక జాతర తప్పింది. జాతర రెండేళ్లకోసారి. అప్పటిదాకా నేను పెరగకుండా ఆగుతానా? తీరా తరాజులో కూర్చుంటే 41 కిలోలు. మేనమామ బెల్లం ముద్దలు పెడుతూనే ఉన్నాడు, కాంటా లేవదు. "ఓ అక్కా, ఇంకో జాతర దాకా ఆగితే నా ఎడ్లు అమ్మాల్సొస్తుండె" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా అమ్మ మాత్రం ఊరంతా చెప్పుకుంది: "నా బిడ్డ నలభై ఒక్క కిలోల బంగారం."

ఆ జాతర అయిన పదేళ్లకు నాకు పెళ్లిచూపులు. వచ్చినావిడ నన్ను దర్వాజ పక్కన నిలబెట్టి ఎత్తు చూసింది. "పిల్ల మంచిగనే ఉన్నది గని, దొడ్డుగున్నది" అంది. మా అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. ఆమె అంత గొప్పగా చెప్పుకున్న బరువే కదా అది!

వెనక బెంచీల పిల్లలూ, ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. ఫిజీ దీవుల్లో ఒళ్లు చేసినవాళ్లంటే గౌరవం. 1995లో అక్కడ ఒక ప్రాంతానికి టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు అప్పుడు బడి అమ్మాయిలను అడిగితే, బరువు తగ్గాలని తిన్నది కక్కుకునేవాళ్లు ఒక్కరూ లేరు. 1998లో అడిగితే నూటికి పదకొండు మంది. మూడేళ్లే! మీ చేతుల్లో ఉన్నది టీవీ కూడా కాదు.

రామప్ప గురించి ఇంకా చాలా రాసుకొచ్చాను, ఈ కాగితాలు నిర్వాహకులకు ఇచ్చి పోతాను. ఒక్క మాట అడుగుతాను. లోపలికి వస్తుంటే గోడ మీద మీ అందాల పోటీ కాగితం చూశాను. "ఎత్తు కనీసం 5 అడుగుల 4 అంగుళాలు" అని ఉంది. పోటీ పెట్టుకోండి, ఆ లైను ఒక్కటి కొట్టేయండి. పెన్ను కావాలంటే నా దగ్గరుంది.